ముప్పై ఒక్క నిషేధాలు

1942 జూన్ 2న జర్మనీలోని డ్రెస్డెన్ నగరంలో విక్టర్ క్లెంపరర్ అనే అరవయ్యేళ్ల పండితుడు తన డైరీలో ఒక జాబితా రాసుకున్నారు. నాజీ పాలనలో యూదులకు ఏమేమి నిషేధమో అంకెలు వేసి లెక్కపెడితే 31 తేలాయి. రేడియో, టెలిఫోన్ ఉండకూడదు. సినిమాకు, మ్యూజియానికి వెళ్లకూడదు. పత్రికలు కొనకూడదు. పూలూ కొనకూడదు. టైప్‌రైటర్, సైకిల్ అప్పగించాలి. ఊరు దాటకూడదు.

క్లెంపరర్ రబ్బీ కొడుకు. 1912లో ప్రొటెస్టంట్ క్రైస్తవం పుచ్చుకున్నారు. మొదటి ప్రపంచ యుద్ధంలో స్వచ్ఛందంగా సైన్యంలో చేరారు. డ్రెస్డెన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో 1920 నుంచి ప్రొఫెసర్. నాజీ చట్టానికి చివరికి ఇవేవీ పట్టలేదు, తాతలూ అవ్వలూ ఎవరన్నదే చూసింది. 1935లో ఉద్యోగం తీసేశారు. 1939 నుంచి ఆయన పేరులో ‘ఇజ్రాయెల్’ చేర్చడం తప్పనిసరి చేశారు. 1940లో సొంత ఇంట్లోంచి పంపించి, యూదుల కోసం కేటాయించిన ఇంట్లో పెట్టారు. 1941 సెప్టెంబరు 19 నుంచి కోటు మీద పసుపు నక్షత్రం.

యూదుల మీద నాజీల హింసాకాండ అనగానే మనకు గ్యాస్ చాంబర్లే గుర్తొస్తాయి. వాటికి ముందు ఏళ్ల తరబడి మనిషి బతుకును కొంచెం కొంచెంగా కత్తిరించిన ఉత్తర్వులను మాత్రం చరిత్ర పుస్తకాలు రెండు వాక్యాల్లో దాటేస్తాయి. ఈ డైరీ వాటిని ఒక ఇంటి గుమ్మంలో నిలబెట్టి చూపిస్తుంది. 1942 మేలో యూదులు పెంపుడు జంతువులను ఉంచుకోకూడదన్నారు, ఇతరులకు ఇవ్వడానికీ ఒప్పుకోలేదు. ముషెల్ అనే తమ పిల్లిని క్లెంపరర్ దంపతులు ప్రాణం తీయించడానికి పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్లాల్సి వచ్చింది. ఆ డైరీలో నన్ను అన్నిటికన్నా కలచివేసే ఘట్టం అదే. ఒక ప్రభుత్వం వృద్ధ దంపతుల పిల్లి దాకా వచ్చిందంటే, మనుషుల విషయంలో అది ఎక్కడ ఆగుతుంది?

భార్య ఎవా యూదురాలు కాదు. విడాకులివ్వమని ఎంత ఒత్తిడి చేసినా ఆమె కదలలేదు. ఆ వివాహమే ఆయనను మరణ శిబిరానికి పోకుండా కాపాడింది. రాసిన కాగితాలను కాపాడిందీ ఆమే. దొరికితే ఆ దంపతులకే కాదు, డైరీలో పేర్లున్న వాళ్లందరికీ ముప్పే. అయినా ఎవా వాటిని విడతలు విడతలుగా రైల్లో పిర్నా పట్టణానికి చేరవేసేది. అక్కడ వారి స్నేహితురాలు, వైద్యురాలు అన్నెమరీ కోలర్ వాటిని దాచింది. ఈ ఇద్దరు ఆడవాళ్ల ధైర్యం లేకపోతే ఆ పుటలు మనకు దక్కేవి కావు.

1945 ఫిబ్రవరి 13న, డ్రెస్డెన్‌లో మిగిలిన యూదుల్లో పనిచేయగలిగిన వాళ్లు 16న ప్రయాణానికి సిద్ధంగా రావాలన్న ఉత్తర్వులను క్లెంపరరే ఇంటింటికీ తిరిగి అందించాల్సి వచ్చింది. ఆ రాత్రే మిత్రదేశాల విమానాలు నగరాన్ని కాల్చేశాయి. ఆ గందరగోళంలో ఎవా ఆయన కోటు మీది నక్షత్రాన్ని కోసి తీసేసింది. వేలమంది కాగితాలు మంటల్లో పోయిన వేళ అది, తమవీ పోయాయని చెప్పుకుంటూ దంపతులు తప్పించుకున్నారు. నాజీల భాష మీద ఆయన 1947లో ప్రచురించిన పుస్తకానికి ఈ డైరీయే పునాది. డైరీ మాత్రం ఆయన 1960లో మరణించిన 35 ఏళ్లకు, 1995లో అచ్చయింది.