సంగటి బలం, సీసం గుండు

"జేజినాయనా, నువ్వు చిన్నప్పుడు తుపాకీ కాల్చినావంట కదా?" అని మొన్న మా మనవడు అడిగినాడు. వానికి ఎవరు చెప్పినారో నాకు తెలుసు. వాళ్ల అవ్వ. ఐదు గుండ్లు కాల్చి ఒక్క బుడగా పగలగొట్టలేకపోయిన సంగతి కూడా చెప్పే ఉంటుంది.

కాల్చినాను సామీ. పెనుకొండ బాబయ్య ఉరుసులో. మా నాయన ధర్మవరం నుంచి నన్ను రైల్లో తీసుకుపోయినాడు. దర్గా దారి పొడుగునా మిఠాయి అంగళ్లు, గాజుల అంగళ్లు, రంగులరాట్నం. ఒక మూల గోనెపట్టా కట్టి, దాని ముందర పలకకు వరసగా బుడగలు తగిలించినారు. బల్లమీద నల్లటి తుపాకీ. పావలాకు ఐదు గుండ్లు. నేనెరిగిన ఎయిర్‌గన్ను పిచ్చోళ్లలో ఎవరిని కదిలించినా కథ ఇట్లాంటి గోనెపట్టా ముందరే మొదలవుతుంది.

నా ఐదూ పట్టాలోకి పోయినాయి. నా తర్వాత వచ్చినాయన హిందూపురం చింతపండు మండీలో హమాలీ. అదే తుపాకీ, అవే గుండ్లు. మొదటిది ఒకటి వదిలిపెట్టి నాలుగు బుడగలు పగలగొట్టినాడు. నేను నోరు తెరుచుకుని చూస్తాంటే నవ్వినాడు. "మొదటి గుండు బుడగకు కాదప్పా, తుపాకీకి. అది ఏ పక్క పోతాదో చూసుకో. ఎడమకు పోతే నువ్వు కుడికి పెట్టు."

ఆ మాట నాకు ఇంటికొచ్చినా పోలేదు. మళ్లీ ఉరుసు దాకా ఏడాది ఆగల్ల. అంతసేపూ ఏం చెయ్యాల? తుపాకీ లోపల ఏముందో ఆలోచించడం తప్ప.

లోపల మందు లేదు, నిప్పు లేదు. ఉండేది సైకిల్ పంపే. నమ్మకపోతే పంపు మూతికి వేలు అడ్డం పెట్టి గట్టిగా కొట్టి చూడు. గాలి వేలిని తోస్తుంది. పది దెబ్బలు కొడితే పంపు గొట్టం వేడెక్కుతుంది. రాపిడి వల్ల కొంత వేడి పుడుతుంది గానీ, అసలు సంగతి వేరే. గాలిని ఇరుకు చేస్తే నీ చేతి కష్టమంతా దానిలోకి పోతుంది. ఆ కష్టమే వేడిగానూ ఒత్తిడిగానూ కనపడుతుంది. జాతర తుపాకీ గొట్టాన్ని మధ్యకు విరిచి కిందికి వంచుతారు చూడు, అప్పుడు లోపల బలమైన స్ప్రింగు నొక్కుకుంటుంది. గుండు పెట్టి, గొట్టం మూసి, మీట నొక్కితే స్ప్రింగు విడిపోయి పిస్టన్‌ను ముందుకు తోస్తుంది. పిస్టన్ ముందరుండే గాలి ఇరుకై ఇరుకై, దారి ఒక్కటే కాబట్టి గుండును నెట్టుకుని బయటపడుతుంది.

ఇప్పుడు వెనక్కి లెక్క కట్టు. బుడగను పగలగొట్టింది గుండు. గుండును తోసింది గాలి. గాలిని నొక్కింది స్ప్రింగు. స్ప్రింగును నొక్కింది నీ చెయ్యి. చేతికి బలమిచ్చింది పొద్దున తిన్న రాగి సంగటి. రాగిని పండించింది మన సీమ ఎండ. పెనుకొండలో బుడగ పగిలితే దాని వెనక ఉండేది సూర్యుడే.

ఈ ఉపాయం మనుషులకు కొత్త కాదు. మా చిన్నప్పుడు వెదురు బొంగులో రెండు పక్కలా నానబెట్టిన కాగితం ఉండలు బిగించి, వెనకదాన్ని పుల్లతో తోసేవాళ్లం. మధ్యలో చిక్కిన గాలి ముందరి ఉండను 'టప్' మని ఎగరగొట్టేది. బస్తర్‌లో, జగదల్‌పూర్ రథయాత్రనాడు, ఇట్లాంటి వెదురు తుపాకులనే 'తుప్కీ' అంటారు. అడవికాయలు పెట్టి ఒకరినొకరు ఆటగా కొట్టుకుంటారు. వెదురు బొంగుకూ ఉరుసు తుపాకీకీ సూత్రం ఒక్కటే, స్ప్రింగే తేడా.

పెద్దవాళ్లు దాన్ని యుద్ధానికీ వాడినారు. 1780 ప్రాంతంలో ఆస్ట్రియా సైన్యం జిరాండోని అనే ఆయన చేసిన గాలి తుపాకీని తీసుకుంది. దానికి స్ప్రింగు లేదు, మడమ భాగమే గాలి తిత్తి. పొగ రాదు, దాదాపు ఇరవై గుండ్లు వరసగా పోతాయి. కానీ ఆ తిత్తి నింపడానికి చేతిపంపు సుమారు 1,500 సార్లు కొట్టల్ల! మన పక్కింటి సైకిల్ షాపాయన వింటే దండం పెడతాడు. 1804లో అమెరికా పడమటి దిక్కుకు బయలుదేరిన లూయిస్, క్లార్క్ కూడా వెంట ఒక గాలి తుపాకీ పెట్టుకున్నారు. దారిలో కలిసిన తెగలవాళ్ల ముందర కాల్చి చూపించి ఆశ్చర్యపరిచేవాళ్లు.

మరి ఇది పిల్లల చేతికి, సరదాకు, ఎట్లా వచ్చింది? ధర్మవరం నుంచి రామగిరి కొండల పక్క చూడు. పెద్ద పెద్ద గాలిమరలు తిరుగుతా ఉంటాయి. అమెరికాలో మిషిగన్ రాష్ట్రం ప్లిమత్ ఊర్లో రైతులకు నీళ్లు తోడే గాలిమరలు అమ్మే కంపెనీ ఒకటుండేది. 1888లో ఒకాయన ఇనుముతో చేసిన గాలి తుపాకీ తెచ్చి ఆ కంపెనీ మేనేజరుకు చూపించినాడు. ఆయన కాల్చి చూసి, బాగుందనే అర్థంలో "డెయిజీ" అన్నాడట. అదే పేరు పెట్టినారు. గాలిమర కొన్న రైతుకు తుపాకీ కొసరు! మన అంగళ్లలో బెల్లం కొంటే పప్పులు కొసరు వేసినట్టు. తీరా చూస్తే రైతులకు మరకంటే కొసరు మీదే మోజు ఎక్కువైంది. 1895 నాటికి కంపెనీ తన పేరునే డెయిజీగా మార్చుకుంది. గాలిని నమ్ముకున్న వ్యాపారం గాలిలోనే ఇంకొక దారి వెతుక్కుంది.

సరే, నా గుండ్లు ఎందుకు తప్పినాయో ఇంకా చెప్పలేదు. తుపాకీ వెనక ఒక గాటు, ముందర ఒక మొన ఉంటాయి. రెంటికీ మధ్య 40 సెంటీమీటర్లు అనుకో. బుడగలు 4 మీటర్ల దూరంలో ఉన్నాయి, అంటే పదింతలు. నా చెయ్యి వణికి మొన ఒక్క సెంటీమీటరు జారితే అవతల తేడా పది సెంటీమీటర్లు. బుడగ పక్కన ఉండేది గోనెపట్టానే కదా! జాతరల్లో పడీ లేచీ ఆ మొన ముందే కాస్త వంగి ఉంటుంది. హమాలీ ఆయన మొదటి గుండు ఖర్చుపెట్టింది ఆ వంకర కొలవడానికి. పనిముట్టు తప్పు చూపిస్తే దాన్ని తిట్టకుండా, ఎంత తప్పు చూపిస్తుందో లెక్కగట్టి సర్దుకోవడం సైన్సు చదివినోళ్లు చేసే పని. ఆయన బడికి పోయినాడో లేదో నాకు తెలీదు.

రెండో తప్పు నా పట్టు. భయంతో గట్టిగా బిగించి పట్టినాను. స్ప్రింగు తుపాకీ గుండు బయటికి పోకముందే ఒకసారి వెనక్కి, ఒకసారి ముందుకు అదురుతుంది. బిగించి పడితే ప్రతిసారీ ఒక్కో దిక్కుకు జరుగుతుంది. దాన్ని కోడిపిల్లను పట్టినట్టు పట్టుకోవల్ల. జారిపోకూడదు, నలగకూడదు. దాని అదురు దాన్ని అదరనిస్తే ప్రతిసారీ ఒకేతీరుగా అదురుతుంది.

మూడోది ఊపిరి. అది నాకు నేర్పింది ఉరుసు కాదు, మా ఇల్లు. మా నాయన మగ్గం గుంటలో కూర్చుని, తెగిన పట్టు పోగును ముడి వేసేటప్పుడు ఊపిరి సగం వదిలి ఆపేవాడు. ముడి పడినాక మిగతా సగం. పెద్ద పెద్ద షూటర్లు మీట నొక్కేది కూడా ఆ సగంలోనే. ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీ 1984 నుంచి ఉంది. ఆ గురి మధ్యలో పది మార్కుల చుక్క అడ్డం అర మిల్లీమీటరు! అర గ్రాము సీసం గుండు సెకనుకు 170 మీటర్ల చొప్పున పోతే అక్కడికి చేరడానికి పట్టేది సెకనులో పదిహేడో వంతు. ఆలోగానే భూమి దాన్ని ఒకటిన్నర సెంటీమీటరుకు పైగా కిందికి లాగేస్తుంది. గొట్టం కాస్త పైకి చూసేట్టు సర్దుకునేది అందుకే. మన హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ ఆ పోటీలోనే 2012లో లండన్‌లో కాంస్యం తెచ్చినాడు. హైదరాబాదు పిల్ల ఈషా సింగ్ 2018లో, పదమూడేళ్లకే, ఎయిర్ పిస్టల్‌లో జాతీయ విజేత అయింది.

మీరు ఉబలాటపడకముందే ఒక మాట. 4.5 మిల్లీమీటర్ల గొట్టం, 20 జౌళ్లకు మించని శక్తి ఉంటే మన దేశంలో ఎయిర్‌గన్నుకు లైసెన్సు అక్కర్లేదు. ఇందాకటి పోటీ గుండుది సుమారు 7 జౌళ్లే. కంటిని పోగొట్టడానికి అందులో కొంచెం చాలు. అందుకే పెద్దోళ్లు పక్కన లేకుండా ముట్టుకోకూడదు. పిట్టలను కొట్టడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం కూడా.

పిట్ట అంటే గుర్తొచ్చింది. నాకు బుడగ తప్పింది గానీ, బొంబాయిలో సలీం అలీ అనే పదేళ్ల పిల్లోనికి పిచ్చుక తగిలింది. తల్లీ తండ్రీ లేని ఆ పిల్లోన్ని పెంచిన మేనమామే ఎయిర్‌గన్ను కొనిచ్చినాడు. పడిన పిచ్చుకను చేతిలోకి తీసుకుంటే గొంతుమీద పసుపు మచ్చ. ఇట్లాంటి పిచ్చుక ఉంటుందా? మేనమామకూ తెలీలేదు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపినాడు. అక్కడ మిల్లర్డ్ అనే ఆయన దాని పేరు చెప్పి, అల్మారాలు తెరిచి, దాచిపెట్టిన పిట్టలన్నీ చూపించినాడు. అంతే, పిల్లోని జీవితమే తిరిగిపోయింది. 1931లో నిజాం సంస్థానంలో పిట్టల లెక్క తీసిందీ ఆయనే. 1985లో అచ్చయిన ఆత్మకథకు పిచ్చుక పడిపోయిన సంగతే పేరుగా పెట్టుకున్నాడు.

హిందూపురం దగ్గర చిలమత్తూరు మండలంలో వీరాపురం ఉంది. చలికాలంలో ఎర్రకాళ్ల కొంగలు వచ్చి ఊరి చింతచెట్ల మీద గూళ్లు కడతాయి. ఊరోళ్లు వాటిని పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డల్లాగా చూసుకుంటారు. మనవన్ని అక్కడికి తీసుకుపోయి బైనాక్యులర్ ఇచ్చినాను. అది పట్టుకున్నా చెయ్యి వణికితే కొంగ కనపడదు. అక్కడా ఊపిరి సగమే.

ఆ తర్వాత ఉరుసు వచ్చింది. పావలా ఎప్పుడో పోయింది గానీ, గోనెపట్టా అట్లే ఉంది. వాడు ఐదు గుండ్లు కాల్చినాడు. ఒక్కటీ తగల్లేదు. ఏడుస్తాడేమోనని చూస్తే, బల్లమీద మోచేయి పెట్టి పట్టాకేసి చూస్తా ఉన్నాడు.

"జేజినాయనా, ఐదూ ఎడమకే పోయినాయి. మొన వంకరా, నా చెయ్యి వంకరా?"

నేను ఏమీ చెప్పలేదు. జేబులో నుంచి ఇంకో ఐదు గుండ్లకు డబ్బులు తీసినాను.