కన్నం మూసిన ఇంజినీర్లు

ఫ్రిజ్ మెకానిక్ ‘రిలే పోయిందండీ’ అంటే హమ్మయ్య అనుకుంటాం. ‘కంప్రెసర్ పోయింది’ అంటే గుండె జారుతుంది. రిలే చిన్న భాగం, బయటే ఉంటుంది, నిమిషాల్లో మార్చేస్తారు. కంప్రెసర్ అలా కాదు. వెల్డింగుతో మూసేసిన నల్లటి ఇనుప డబ్బా అది. ఏది లోపల ఉండాలి, ఏది బయట ఉండాలి అన్నది తేలడానికి పెద్ద పోరాటమే జరిగింది. ఆ పోరాటమంతా ఒక్క కన్నం గురించే!

1910లు, 20లలో అమెరికా ఇళ్లలోకి వచ్చిన కెల్వినేటర్, ఫ్రిజిడేర్ లాంటి తొలి యంత్రాల్లో మోటారు ఒకచోట, కంప్రెసర్ మరోచోట ఉండేవి. మధ్యలో బెల్టు. బెల్టు తిప్పే ఇరుసు కంప్రెసర్‌లోకి వెళ్లాలంటే దాని గోడకు కన్నం పెట్టక తప్పదు. ఆ కన్నం దగ్గర సీల్ ఎంత బిగించినా, ఇరుసు తిరిగీ తిరిగీ అది అరిగిపోయేది.

అప్పట్లో చాలా ఫ్రిజ్‌లలో చల్లబరచడానికి వాడింది సల్ఫర్ డయాక్సైడ్. ముక్కూ గొంతూ మండించే విషవాయువు. అది మైనస్ 10 డిగ్రీల దగ్గర మరుగుతుంది. ఐసు కట్టాలని ఉష్ణోగ్రతను ఇంకా కిందికి దించితే, కంప్రెసర్ పీల్చే వైపు పీడనం బయటి గాలి కంటే తగ్గిపోతుంది. అరిగిన సీల్ సందులోంచి గాలి, దానితోపాటు తేమ లోపలికి చొరబడతాయి. తేమ, సల్ఫర్ డయాక్సైడ్ కలిస్తే ఆమ్లమే. యంత్రాన్ని లోలోపలే తినేస్తుంది. యంత్రం ఆగి వేడెక్కితే కథ తిరగబడుతుంది. ఈసారి గ్యాసే వంటింట్లోకి వస్తుంది.

కన్నమే లేకుండా చేయొచ్చని ముందుగా చూపినవాడు ఇంజినీరు కాదు, మార్సెల్ ఆడిఫ్రెన్ అనే ఫ్రెంచ్ క్రైస్తవ గురువు. 1895లోనే అమెరికా పేటెంటు తీసుకున్నాడు. ఆయన యంత్రం డంబెల్‌లా ఉంటుంది. రెండు లోహపు గోళాలు, వాటిని కలిపే బోలు ఇరుసు. మొత్తం కలిసి తిరుగుతుంది. లోపలి కంప్రెసర్‌కు మాత్రం బరువు వేలాడదీశాడు. ఆ బరువు కిందికే లాగుతుంది కాబట్టి అది తిరగకుండా నిలిచిపోతుంది, పిస్టన్ ఆడుతుంది. ఎంత అందమైన ఆలోచన! దీన్ని 1911 నుంచి జనరల్ ఎలక్ట్రిక్ ఫోర్ట్ వేన్‌లో తయారుచేసింది. కానీ అది బరువైనది, ఖరీదైనది. మామూలు ఇంటికి అందలేదు.

అదే కంపెనీలో, డెన్మార్క్ నుంచి వలస వచ్చిన క్రిస్టియన్ స్టీన్‌స్ట్రప్ ఈ దారినే ముందుకు నడిచాడు. ఇరుసు ఒక్కటే కాదు, మోటారును కూడా గ్యాస్‌లోకే దింపి, ఉక్కు డబ్బాలో పెట్టి మూసేశారు. ఇప్పుడు గోడ దాటేవి కదలని కరెంటు తీగలు మాత్రమే. 1927లో వచ్చిన ఆ ఫ్రిజ్ నెత్తిన కంప్రెసర్, దాని చుట్టూ వేడిని వదిలే గొట్టాలు ఉండేవి. అమెరికా అంతర్యుద్ధం నాటి ‘మానిటర్’ నౌకపై ఉన్న ఫిరంగి గోపురంలా కనబడటంతో జనం దాన్ని ‘మానిటర్ టాప్’ అన్నారు. ధర దాదాపు 300 డాలర్లు. పది లక్షలకు పైగా అమ్ముడయ్యాయి.

మూసేయడం వినడానికి తేలికే. కానీ మూశాక మళ్లీ పానా పట్టే అవకాశం లేదు. నూనె ఒక్కసారే పోయాలి. లోపల తేమ చుక్క మిగలకూడదు. అరిగే కార్బన్ బ్రష్షులున్న మోటారు పనికిరాదు. అందుకే ఇండక్షన్ మోటారు. అది కదలడానికి మొదట్లో అదనపు చుట్టకు క్షణకాలం కరెంటు ఇచ్చి ఆపాలి. ఆ పని చేసే స్విచ్‌లో నిప్పురవ్వలు వస్తాయి కనుక దాన్ని బయట పెట్టారు. మన మెకానిక్ మార్చే రిలే అదే. బాగుచేసే వీలును వదులుకుని, చెడిపోకుండా చేసే బాధ్యతను తలకెత్తుకున్న ఆ తెగువ ముందు నాకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

అదే కాలంలో బెర్లిన్‌లో భౌతిక శాస్త్రవేత్తలు ఐన్‌స్టీన్, సిలార్డ్ ఇంకో అడుగు వేసి, పిస్టన్‌నే తీసేశారు. ద్రవలోహాన్ని అయస్కాంత బలంతో కదిలించే పంపును రూపొందించారు. అది మార్కెట్‌కు రాలేదు. గ్యాస్ భయం మాత్రం పోలేదు. 1929లో షికాగోలో ఫ్రిజ్‌ల నుంచి మిథైల్ క్లోరైడ్ అనే మరో విషవాయువు లీకై ప్రాణాలు పోయాయి. 1930లో విషం కాని ఫ్రియాన్‌ను ప్రకటించారు. ఓజోన్ పొరకు అది చేసే చేటు 1974లో గానీ బయటపడలేదు.

1958లో గోద్రెజ్ తొలి భారతీయ ఫ్రిజ్ తెచ్చే నాటికి మూసిన డబ్బా మామూలైపోయింది. మన హైదరాబాద్ ఆల్విన్ ఫ్రిజ్‌లూ ఆ దారిలోవే. ఇప్పుడు కొత్త ఫ్రిజ్‌లలో ఎక్కువగా ఉండేది ఐసోబ్యూటేన్, వంటగ్యాస్‌కు దగ్గరి చుట్టం, నిప్పు తగిలితే అంటుకునేది. కొన్ని పదుల గ్రాములే నింపుతారు. అది ఏళ్ల తరబడి వంటింట్లో, పొయ్యికి నాలుగడుగుల దూరంలో, ఆ డబ్బాలోనూ గొట్టాల్లోనూ తిరుగుతూనే ఉంటుంది.