దుమ్ము ఊళ్లో ఊపిరి

డిసెంబరు వచ్చిందంటే తాండూరు చుట్టుపక్కల కందికోతలు మొదలవుతాయి. 2022లో భౌగోళిక గుర్తింపు దక్కించుకున్న తాండూరు కంది నూర్పిళ్లు పూర్తి చేసుకుని మార్కెట్‌ యార్డుకు చేరేది ఆ తర్వాతే. పొట్టు గాల్లోకి లేస్తుంది. అదే రోజుల్లో చలి ముదిరి, తెల్లవారుజామున గాలి కదలక దుమ్ము నేలకు దగ్గరగానే నిలిచిపోతుంది. బండల పాలిష్‌ యూనిట్ల తెల్లదుమ్ము, సిమెంటు లారీలు లేపే దుమ్ము ఏడాది పొడవునా ఎటూ ఉండేవే. ఉబ్బసం ఉన్నవాళ్లను ఇవన్నీ ఒక్కసారే చుట్టుముట్టే కాలమిది. ‘రాత్రంతా దమ్ము లేసింది, కూసోనే తెల్లారింది’ అనే మాట ఈ దిక్కున వినపడని చలికాలం ఉండదు.

అక్కడికి నలభై కిలోమీటర్ల దూరంలోని వికారాబాద్‌ది వేరే కథ. అనంతగిరి గుట్టల గాలి మంచిదని నిజాం జమానాలోనే అక్కడ టీబీ శానిటోరియం కట్టారు. ఊపిరితిత్తుల జబ్బు ఏదైనా అనంతగిరి గాలికి తగ్గిపోతుందన్న నమ్మకం అప్పటి నుంచీ జనంలో ఉంది. పొగ, దుమ్ము లేని గాలి ఎవరికైనా మంచిదే. కానీ ఉబ్బసం గాలి మార్పుతో నయమయ్యేది కాదు. వానాకాలపు తేమకు పెరిగే బూజు, అడవి చెట్ల పుప్పొడి, రోడ్డు పక్కన విరగబూసే కాంగ్రెస్‌ గడ్డి పుప్పొడి కూడా దమ్ము లేపేవే. ఎవరికి ఏది పడదో వాళ్లే గమనించుకోవాలి. చిన్న నోటుబుక్కులో నెల రోజులు రాసుకుంటే సగం సంగతి తెలిసిపోతుంది.

ఉబ్బసంలో ఊపిరిగొట్టాల లోపలి పొర ఎప్పుడూ కొద్దిగా వాచే ఉంటుంది. దుమ్మో చలిగాలో జలుబో తగలగానే గొట్టం చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది, లోపల తెమడ ఊరుతుంది. గాలి లోనికి పోవడం కన్నా బయటికి రావడమే కష్టమవుతుంది. పిల్లికూతలు ఆ ఇరుకు నుంచే వస్తాయి. ఆయాసం తగ్గాక మనిషి మామూలుగా తిరుగుతాడు కానీ వాపు మాత్రం పోదు. అసలు చిక్కు ఇక్కడే ఉంది. కనపడే ఆయాసానికి మందు వాడతారు, కనపడని వాపును వదిలేస్తారు.

పీల్చే మందు పంపు (ఇన్‌హేలర్‌) మీద ‘పంపు అలవాటైతే ఇగ ఇడిసిపెట్టది’ అనే భయం పల్లెల్లో గట్టిగా పాతుకుపోయింది. అందుకే మాత్రకూ సూదికీ మొగ్గు చూపుతారు. ఒక్కసారి లెక్క చూడండి. సాల్‌బుటమాల్‌ పంపు ఒక్కసారి నొక్కితే వచ్చే మందు 100 మైక్రోగ్రాములు. అదే మందు 4 మిల్లీగ్రాముల మాత్ర మింగితే 40 నొక్కులంత మందు ఒంట్లోకి పోతుంది. అది రక్తంలో కలిసి ఒళ్లంతా తిరిగి వస్తుంది కాబట్టి చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది. పంపు మందు నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది, కొద్ది నిమిషాల్లోనే పనిచేస్తుంది. దమ్ము లేచినప్పుడల్లా స్టెరాయిడ్‌ సూదులు, మాత్రలు వాడుతూ పోతే షుగర్‌ పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి. అదే పీల్చే స్టెరాయిడ్‌ అయితే మోతాదు మైక్రోగ్రాముల్లోనే ఉంటుంది.

సాల్‌బుటమాల్‌ ఉండే నీలం పంపు ఒక్కటే నమ్ముకోవడమూ ప్రమాదమే. అది బిగుసుకున్న కండరాన్ని సడలిస్తుంది, వాపు జోలికి పోదు. ఉబ్బసం చికిత్సకు ప్రపంచమంతా ప్రామాణికంగా తీసుకునే ‘గినా’ మార్గదర్శకాలు ఆ ఒక్క పంపుతోనే నెట్టుకురావడం తగదని 2019లో స్పష్టంగా చెప్పాయి. వాపు తగ్గించే మందు, అంటే పీల్చే స్టెరాయిడ్‌, ప్రతి రోగికీ అందాలి. బ్యుడెసొనైడ్‌ అనే స్టెరాయిడ్‌, ఫార్మోటెరాల్‌ కలిసిన పంపు రోజువారీ మందుగానూ, ఆయాసం వచ్చినప్పటి మందుగానూ రెండు విధాలా పనికొస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019లో ఉబ్బసంతో 4,55,000 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువ మంది మన వంటి, మనకన్నా పేద దేశాల వాళ్లే. మందులు పాతవే, తెలిసినవే, కానీ చేరాల్సిన చోటికి చేరలేదు.

మందు ఉన్నా పీల్చే తీరు తప్పితే లాభం లేదు. పంపును బాగా ఊపాలి. ముందు ఊపిరంతా బయటికి వదలాలి. పెదాలతో గట్టిగా పట్టి, మెల్లగా పీలుస్తూ ఒక్కసారే నొక్కాలి. పది సెకన్లు ఊపిరి బిగబట్టాలి. రెండో నొక్కుకు అర నిమిషం ఆగాలి. స్టెరాయిడ్‌ పంపు అయితే నోరు పుక్కిలించి ఉమ్మేయాలి, లేకుంటే నాలుక మీద తెల్లపూత వస్తుంది. పిల్లలకూ ముసలివాళ్లకూ నొక్కడం, పీల్చడం ఒకేసారి కుదరదు. వాళ్లకు పంపుకు తగిలించే స్పేసర్‌ గొట్టం కావాలి. అది కొనలేని ఇళ్ల కోసం దక్షిణాఫ్రికా వైద్యులు అర లీటరు ప్లాస్టిక్‌ సీసా అడుగున పంపు మూతికి సరిపడా రంధ్రం చేసి, సందుల్లేకుండా బిగించి చూశారు. పిల్లల్లో అది కొనుక్కునే స్పేసర్‌కు సాటిగా పనిచేసిందని 1999లో లాన్సెట్‌ పత్రికలో ప్రచురించారు.

మృగశిర కార్తెకు నాంపల్లి ఎగ్జిబిషన్‌ మైదానంలో బత్తిని కుటుంబం ఇచ్చే చేప ప్రసాదం కోసం తాండూరు వైపు నుంచీ రైలెక్కి వెళ్లేవాళ్లుంటారు. నమ్మకం ఎవరిది వాళ్లది. దానితో ఉబ్బసం పోతుందనడానికి శాస్త్రీయ ఆధారం మాత్రం లేదు. ఆ ప్రసాదపు కొర్రమీను మింగొచ్చామని పంపు మానేస్తే ప్రాణం మీదికి వస్తుంది.

ఇంట్లోనూ చేసుకోవాల్సినవి ఉన్నాయి. దోమల కాయిల్‌ ఒకటి కాలితే వచ్చే సన్నటి ధూళి 75 నుంచి 137 సిగరెట్ల పొగలోని ధూళితో సమానమని 2003లో వచ్చిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. కాయిల్‌ మాని దోమతెర కట్టుకోవడం మేలు. కట్టెల పొయ్యి వంటింట్లో పిల్లలను కూర్చోబెట్టకూడదు. బొంతలూ దిండ్లూ ఎండలో వేస్తుండాలి. పాలిష్‌ యూనిట్లలో, ఇళ్లు కట్టేచోట బండను నీళ్లు పోస్తూ కోస్తే దుమ్ము బాగా తగ్గుతుంది. పొడి కోత కోయించే యజమానులు ఈ ఒక్క పనైనా చేయాలి. అయితే రోడ్డు దుమ్ము రోగి చేతిలో ఉండదు. లారీల మీద టార్పాలిన్‌ కప్పించడం, రోడ్లు ఊడ్పించి తడిపించడం మున్సిపాలిటీ, అధికారుల పని. మాస్కు కట్టుకో అని రోగికి చెప్పి చేతులు దులుపుకుంటే కుదరదు.

ఉబ్బసం అదుపులో ఉన్నవాళ్లు ఏ పనికీ వెనకాడనక్కర్లేదు. పద్నాలుగేళ్లకే ఉబ్బసం బయటపడ్డ బ్రిటన్‌ పరుగుల రాణి పౌలా రాడ్‌క్లిఫ్‌ 2003లో లండన్‌ మారథాన్‌ను 2 గంటల 15 నిమిషాల 25 సెకన్లలో ముగించి ప్రపంచ రికార్డు నెలకొల్పింది. బడిలో ‘నీకు దమ్ముంది, ఆడొద్దు’ అని పిల్లవాణ్ని పక్కన కూర్చోబెట్టే పంతుళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి.

గడిచిన నాలుగు వారాల్లో పగటిపూట ఆయాసం వారానికి రెండుసార్లకు మించి వచ్చిందా? రాత్రి నిద్ర లేపిందా? నీలం పంపు వారానికి రెండుసార్లకు మించి వాడాల్సి వచ్చిందా? పని ఆగిందా? ఒక్కదానికి అవునన్నా డాక్టరు దగ్గర చికిత్సను సరిచూసుకోవాల్సిందే. ఒక్క వాక్యమైనా పూర్తిగా మాట్లాడలేకపోతున్నా, పెదాలు నీలిబారుతున్నా ఆగకుండా 108కు ఫోన్‌ చేయాలి.

బ్యుడెసొనైడ్‌, సాల్‌బుటమాల్‌ రెండూ మన దేశ అత్యవసర మందుల జాబితాలో ఉన్నాయి. కాబట్టి సర్కారు దవాఖానలో అవి అడగడం మీ హక్కు. వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న పంపును సంచీలో వేసుకెళ్లండి. డాక్టరు ముందే ఒకసారి పీల్చి, సరిగ్గా పీలుస్తున్నానో లేదో చూడండి సారూ అని అడగండి.