అనంతపురం క్రికెట్: ఫస్ట్ మ్యాచ్ ఓడిన టీమే కప్పు కొట్టింది.. కరువు సీమ గ్రౌండ్ చెప్పిన రెండు పాఠాలు ఇవే!

దేశవాళీ క్రికెట్ సీజన్ మొదలైందంటే చాలు.. టీ కొట్టు దగ్గరైనా, వాట్సాప్ గ్రూపులోనైనా రెండే చర్చలు. ఒకటి, "ఈసారి మన టీమ్ పనైపోయిందా?" రెండోది, "మన ఊళ్లో మంచి స్టేడియం ఎప్పుడొస్తుంది?" ఈ రెండు ప్రశ్నలకూ జవాబు కావాలంటే ఒకసారి 2024 సెప్టెంబర్‌కు వెళ్లాలి. దేశంలోనే వానలు బాగా తక్కువ పడే జిల్లాల్లో ఒకటైన అనంతపురంలో ఆ నెల ఏం జరిగిందో గుర్తు చేసుకోవాలి.

శ్రేయస్ అయ్యర్, రుతురాజ్ గైక్వాడ్, ఇషాన్ కిషన్, సంజూ శాంసన్, అక్షర్ పటేల్, అర్ష్‌దీప్ సింగ్, తిలక్ వర్మ.. టీవీలో చూసే ఈ పేర్లన్నీ ఒకే నెలలో అనంతపురం గ్రౌండ్‌లో కనిపించాయి. దులీప్ ట్రోఫీలో మొత్తం 6 మ్యాచ్‌లు ఉంటే అందులో 5 ఇక్కడే జరిగాయి. ఓ అభిమాని ఏకంగా గ్రౌండ్‌లోకి పరుగెత్తుకెళ్లి రుతురాజ్ కాళ్లకు దండం పెట్టిన వీడియో అప్పట్లో మీ ఫోన్‌కూ వచ్చే ఉంటుంది.

ఆ వైరల్ వీడియో సంగతి అలా ఉంచితే, ఆ టోర్నీ పాయింట్ల పట్టికలో అంతకంటే ఆసక్తికరమైన విషయం ఉంది.

పట్టిక తలకిందులైంది ఇలా..

ఆ ఏడాది జోన్ల పద్ధతి పక్కన పెట్టి ఇండియా ఎ, బి, సి, డి పేర్లతో 4 టీమ్‌లు చేశారు. ఒక్కో టీమ్‌కు 3 మ్యాచ్‌లు. ఫైనల్ లేదు. ఎక్కువ పాయింట్లు వచ్చిన టీమ్‌కే కప్పు. గెలిస్తే 6 పాయింట్లు, మ్యాచ్ డ్రా అయి ఫస్ట్ ఇన్నింగ్స్‌లో ఆధిక్యం ఉంటే 3, ఆధిక్యం లేకపోతే 1.

మొదటి రౌండ్‌లో జరిగిందిదీ:

- బెంగళూరులో ఇండియా బి చేతిలో ఇండియా ఎ 76 పరుగుల తేడాతో ఓడింది. బి టీమ్‌లో ముషీర్ ఖాన్ 181 కొట్టాడు.
- అనంతపురంలో ఇండియా డి మీద ఇండియా సి 4 వికెట్ల తేడాతో గెలిచింది. సి టీమ్ స్పిన్నర్ మానవ్ సుతార్ రెండో ఇన్నింగ్స్‌లో 49 పరుగులకే 7 వికెట్లు తీశాడు.

ఆ రోజు ఎవరిని అడిగినా ఏం చెప్పేవాళ్లు? బి, సి టీమ్‌లు సూపర్.. ఎ, డి టీమ్‌ల పనైపోయింది అనే కదా! కానీ టోర్నీ ముగిసేసరికి పట్టిక ఇదీ:

- ఇండియా ఎ: 12 పాయింట్లు (విజేత)
- ఇండియా సి: 9
- ఇండియా బి: 7
- ఇండియా డి: 6

మొదటి మ్యాచ్ ఓడిన ఎ టీమ్ తర్వాత రెండు మ్యాచ్‌లూ గెలిచింది. డి మీద 186 పరుగులు, సి మీద 132 పరుగుల తేడా. మొదటి రెండూ ఓడిన డి టీమ్ చివరి మ్యాచ్‌లో బి టీమ్‌ను ఏకంగా 257 పరుగుల తేడాతో చిత్తు చేసింది. మొదటి రౌండ్‌లో దుమ్మురేపిన బి టీమ్‌కు ఆ తర్వాత ఒక్క గెలుపు కూడా దక్కలేదు.

ఒక్క మ్యాచ్‌తో టీమ్ సత్తా తెలుస్తుందా?

దీన్ని అర్థం చేసుకోవడానికి అమెరికా బేస్‌బాల్ లెక్క పనికొస్తుంది. అక్కడి మేజర్ లీగ్‌లో ఒక్కో టీమ్ రెగ్యులర్ సీజన్‌లో 162 మ్యాచ్‌లు ఆడుతుంది. సీజన్ మొదట్లో నాలుగు మ్యాచ్‌లు ఓడినా అది సముద్రంలో చెంబుడు నీళ్లే. అయినా మొదటి వారం నుంచే అక్కడి ఫ్యాన్స్ కొట్లాడుకుంటారు. అభిమానం ఎక్కడైనా ఒకటే మరి.

మన రంజీ ట్రోఫీలో పరిస్థితి వేరు. ఎలైట్ గ్రూప్‌లో ఒక్కో టీమ్‌కు లీగ్ దశలో ఉండేవి 7 మ్యాచ్‌లే. అంటే ఒక్క రంజీ మ్యాచ్ బరువు సుమారు 23 బేస్‌బాల్ మ్యాచ్‌లతో సమానం! కాబట్టి మన ఫ్యాన్స్ మొదటి మ్యాచ్ నుంచే టెన్షన్ పడటంలో తప్పేం లేదు. పాయింట్లు నిజంగానే పోతాయి.

ఇక్కడ ఒక చిన్న తేడా గమనించాలి. పాయింట్లు పోవడం వేరు, సత్తా లేకపోవడం వేరు. మొదటి మ్యాచ్ ఓడితే పాయింట్లు పోయినట్టే. ఆ ఒక్క ఓటమితో ఆటగాళ్ల సత్తాను మాత్రం తేల్చలేం.

మన తెలుగు కుర్రాళ్లే ఇందుకు ఉదాహరణ. వైజాగ్ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి ఆ టోర్నీలో ఇండియా బి తరఫున ఆడాడు. ఒక్క హాఫ్ సెంచరీ కూడా లేదు. ఆ స్కోర్లు మాత్రమే చూసినవాళ్లు పెదవి విరిచే ఉంటారు. సరిగ్గా 3 నెలలకు, 2024 డిసెంబర్‌లో మెల్‌బోర్న్ టెస్టులో ఆస్ట్రేలియా మీద అదే కుర్రాడు 114 కొట్టాడు. ఇక ఆంధ్ర బ్యాటర్ రికీ భుయ్.. ఓడిపోతున్న డి టీమ్‌లో ఉంటూనే ఒక మ్యాచ్‌లో 113, తర్వాతి మ్యాచ్‌లో 119 నాటౌట్ చేశాడు. టీమ్ పట్టికలో చివరన ఉన్నంత మాత్రాన అందులోని ఆటగాళ్లందరూ చివరివాళ్లు కారు.

ఆంధ్ర ఫ్యాన్స్‌కు ఈ బాధ మరీ బాగా తెలుసు. 2023-24 రంజీ సీజన్‌లో రికీ భుయ్ 902 పరుగులు చేసి దేశంలోనే టాప్‌లో నిలిచాడు. క్వార్టర్ ఫైనల్లో మధ్యప్రదేశ్ చేతిలో ఆంధ్ర కేవలం 4 పరుగుల తేడాతో ఓడింది. నాలుగే పరుగులు! ఒక్క సిక్సర్ పడి ఉంటే కథ మారిపోయేది.

పిచ్ సంగతేంటి?

సీజన్ మొదట్లో ఫ్యాన్స్ తొందరపడే మరో విషయం పిచ్. అనంతపురం మొదటి మ్యాచ్‌లో డి టీమ్ 164కే ఆలౌట్ అయింది. అందులో అక్షర్ పటేల్ ఒక్కడివే 86. సి టీమ్ కూడా 168తోనే సరిపెట్టుకుంది. మూడో రోజే మ్యాచ్ అయిపోయింది. "బ్యాటర్లకు ఇక్కడ పని లేదు" అనుకున్నారంతా.

వారం తిరిగేసరికి అదే ఊళ్లో సి టీమ్ 525 పరుగులు చేసింది. ఇషాన్ కిషన్ సెంచరీ కొట్టాడు. బి టీమ్ కెప్టెన్ అభిమన్యు ఈశ్వరన్ 157 నాటౌట్‌గా నిలిచాడు. అదే మ్యాచ్‌లో పేసర్ అన్షుల్ కంబోజ్ ఒకే ఇన్నింగ్స్‌లో 8 వికెట్లు కూడా తీశాడు. స్పిన్నర్‌కు 7, పేసర్‌కు 8, బ్యాటర్లకు సెంచరీలు.. 3 వారాల్లో అందరికీ వాటా దక్కింది. దేశవాళీ క్రికెట్‌కు కావాల్సింది సరిగ్గా ఇలాంటి గ్రౌండే.

కరువే కలిసొచ్చింది!

మరి ఇంత పెద్ద టోర్నీకి అనంతపురమే ఎలా కుదిరింది? ఇక్కడి జనాన్ని ఏడిపించే కరువే క్రికెట్‌కు మాత్రం కలిసొచ్చింది.

నైరుతి రుతుపవనాలను పడమటి కనుమలు ఆపేస్తాయి. ఈశాన్య రుతుపవనాలు కోస్తా నుంచి ఇంత దూరం వచ్చేసరికి డీలా పడిపోతాయి. రెండు వైపులా నష్టపోయిన నేల ఇది. ఏడాదంతా కలిపి సగటున పడేది సుమారు 550 మిల్లీమీటర్లే. నిజానికి సెప్టెంబరే ఇక్కడ వానలు బాగా పడే నెలల్లో ఒకటి. అయినా మిగతా చోట్లతో పోలిస్తే అది తక్కువే.

ఆ తేడా ఎంతో అదే వారంలో తెలిసొచ్చింది. ఢిల్లీ పక్కనే ఉన్న గ్రేటర్ నోయిడాలో 2024 సెప్టెంబర్ 9 నుంచి అఫ్గానిస్తాన్, న్యూజిలాండ్ టెస్టు మొదలవ్వాలి. వానకు, ఆరని గ్రౌండ్‌కు 5 రోజులూ పోయాయి. ఒక్క బంతి కూడా పడకుండానే టెస్టు రద్దు. ఆ నెలాఖరులో కాన్పూర్‌లో బంగ్లాదేశ్‌తో టెస్టులోనూ రెండు రోజులు ఆటే లేదు. ఆ నెలలోనే అనంతపురంలో జరిగిన 5 మ్యాచ్‌లలో నాలుగింటికి ఫలితం వచ్చింది.

వేరుశనగ రైతు ఆకాశం వైపు చూసేది చినుకు కోసం. క్రికెట్ వాళ్లు చూసేది చినుకు రాకూడదని. ఒకే ఊళ్లో ఒకే ఆకాశం కింద ఈ రెండు కోరికలూ ఉన్నాయి. అందుకే ఇక్కడ స్టేడియం అంటే సీట్ల లెక్క ఒక్కటే సరిపోదు. పచ్చిక బతకాలంటే నీళ్లు కావాలి. కరువు జిల్లాలో ఆ నీళ్లు ఖర్చు పెట్టినందుకు ఊరికి దక్కేదేంటి అన్న ప్రశ్న ఎప్పుడూ ఉంటుంది.

ఊరికి దక్కిందేంటి? బండ్లపల్లి అమ్మాయిని అడగాలి

ఈ గ్రౌండ్ రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్, అంటే అనంత జనం ఆర్డీటీ అని పిలుచుకునే సంస్థది. స్పెయిన్ నుంచి వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో దీన్ని మొదలుపెట్టారు. ఇళ్లు, బడులు, ఆస్పత్రులతో పాటు ఆటలనూ పల్లె పిల్లలకు అందించారు. స్పోర్ట్స్ విలేజ్‌లో క్రికెట్ ఒక్కటే కాదు.. హాకీ, ఫుట్‌బాల్, జూడో, బేస్‌బాల్‌కు చెల్లెలి లాంటి సాఫ్ట్‌బాల్ కూడా నేర్పిస్తారు. 2010లో టెన్నిస్ స్టార్ రఫెల్ నాదల్ ఫౌండేషన్ కూడా అనంతపురంలో టెన్నిస్ స్కూల్ తెరిచింది.

ఈ గ్రౌండ్ అసలు ఫలితం బారెడ్డి అనూష. నార్పల మండలం బండ్లపల్లి అమ్మాయి. వ్యవసాయ కూలీ కుటుంబం. ఆర్డీటీలో శిక్షణ తీసుకుని 2023 జులైలో బంగ్లాదేశ్ మీద టీ20తో ఇండియాకు ఆడింది. ఆ ఏడాదే ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన జట్టులోనూ ఉంది.

బండ్లపల్లి అంటే గుర్తొచ్చిందా? దేశమంతా అమలైన ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది ఆ ఊళ్లోనే. కరువు పనికి పేరుబడ్డ ఊరి పేరు, 17 ఏళ్లకు ఇండియా జెర్సీతో మళ్లీ వినిపించింది. స్టార్లు 3 వారాలు ఉండి వెళ్లిపోయారు. గ్రౌండ్ విలువ తెలిసేది మిగతా 49 వారాల్లో అక్కడ ఎవరు ఆడుతున్నారన్న దాన్ని బట్టే.

మరి దులీప్ ట్రోఫీ మళ్లీ ఎందుకు రాలేదు?

2025లో దులీప్ ట్రోఫీ పాత జోన్ల పద్ధతిలోకి మారి బెంగళూరుకు వెళ్లిపోయింది. అనంతపురంలో టోర్నీ ముగిసిన వారానికే, 2024 సెప్టెంబర్ 29న బెంగళూరులో బీసీసీఐ కొత్త సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్ ప్రారంభమైంది. ఒకేచోట 3 గ్రౌండ్లు, పక్కనే ఎయిర్‌పోర్ట్. సొంత ఇల్లు కట్టుకున్నాక బోర్డు అక్కడే ఆడించుకుంటుంది కదా!

అనంతపురానికి ఉన్న పెద్ద లోటు ప్రయాణమే. విమానం దిగి బెంగళూరు నుంచి చాలా దూరం రోడ్డు మీద రావాలి. 2024లో మొదటి రౌండ్ మ్యాచ్ ఒకటి బెంగళూరుకు మార్చడానికి కూడా ఇదే కారణమని అప్పట్లో వార్తలొచ్చాయి.

డాలస్‌లో ఏం జరిగిందంటే..

స్టేడియం కడితే సరిపోదు, దానికి మ్యాచ్‌లు కావాలి అనడానికి అమెరికాలో ఒక ఉదాహరణ ఉంది. తెలుగువాళ్లు బాగా ఉండే డాలస్ పక్కన గ్రాండ్ ప్రెయిరీలో 2008లో ఓ బేస్‌బాల్ స్టేడియం తెరిచారు. ఎయిర్‌హాగ్స్ అనే టీమ్ అక్కడ ఆడేది. 2020 తర్వాత ఆ టీమ్ లేదు. స్టేడియం ఉంది, ఆడేవాళ్లు లేరు.

అప్పుడు క్రికెట్ వచ్చింది. గ్రౌండ్‌ను మార్చి మధ్యలో పిచ్ వేశారు. 2023 జులై 13న మేజర్ లీగ్ క్రికెట్ మొదటి మ్యాచ్ అక్కడే జరిగింది. టెక్సస్ సూపర్ కింగ్స్ సొంతగడ్డ మీద 69 పరుగులతో గెలిచింది. 2024 జూన్‌లో టీ20 వరల్డ్ కప్‌లో పాకిస్తాన్‌ను సూపర్ ఓవర్‌లో అమెరికా ఓడించింది కూడా అక్కడే. ఆడే టీమ్ లేనప్పుడు మూగబోయిన స్టేడియం, మ్యాచ్‌లు రాగానే మళ్లీ హోరెత్తింది.

కొత్త స్టేడియం అంటే ఫ్యాన్స్ అడగాల్సింది ఇదే

అమరావతిలో లక్షకు పైగా సీట్లతో స్టేడియం కడతామని ప్రతిపాదన ఉంది. మంచిదే. అనంతపురం అనుభవం చూశాక మాత్రం "ఎన్ని సీట్లు?" అన్న ప్రశ్నతో ఆగకూడదు. ఇంకో మూడు అడగాలి:

- ఏడాదికి ఎన్ని రోజులు అక్కడ ఆట ఉంటుంది?
- పెద్ద మ్యాచ్ లేని రోజు ఊరి పిల్లలను లోపలికి రానిస్తారా?
- ఆంధ్ర టీమ్‌కు అక్కడ రంజీ మ్యాచ్‌లు ఎన్ని ఇస్తారు?

సీమలో ప్రతిభకు కొదవ లేదు. అనంతకు పక్కనే ఉన్న కడప జిల్లా నుంచి వెళ్లిన శ్రీచరణి 2025 మహిళల వరల్డ్ కప్‌లో 14 వికెట్లు తీసి ఇండియా కప్పు గెలవడంలో కీలకమైంది. అనంతలో గ్రౌండ్ ఉంది, ఆడే పిల్లలున్నారు, మ్యాచ్ చెడగొట్టే వాన భయం తక్కువ. లేనిదల్లా క్యాలెండర్‌లో చోటే.

ఈసారి సీజన్ మొదట్లో మీ టీమ్ ఓడితే కాస్త ఓపిక పట్టండి. అనంతపురంలో ఫస్ట్ మ్యాచ్ ఓడిన టీమే కప్పు ఎత్తింది. ఇక మీ ఊరికి కొత్త స్టేడియం వస్తోందని వింటే, శంకుస్థాపన తేదీతో పాటు మ్యాచ్‌ల తేదీలు కూడా అడగండి.