డీజిలులో కలుపు మందులు – ఇంజను ఆయుష్షు

మైలవరము, నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతములు కృష్ణాజిల్లా మెట్ట ప్రాంతములుగా పేరు పొందినవి. 2022 ఏప్రిల్ 4వ తేదీ నుండి ఇవి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినవి. జిల్లా పేరు మారినను భూమి మారలేదు, సేద్యము మారలేదు. ప్రత్తి, మిరప, కంది, మొక్కజొన్న, మామిడి ఇచ్చటి ముఖ్యమైన పంటలు. నాగార్జునసాగరు ఎడమకాలువ నీరు అందినచోట వరి పండుచున్నది. అందనిచోట వాగులు, బావులు, బోర్లే ఆధారము. దుక్కి దున్నుట మొదలు ధాన్యము ఇంటికి చేర్చువరకు నేడు డీజిలు ఇంజను లేనిదే పని జరుగదు.

తొలకరి వాన పడినపిమ్మట పదును ఆరకముందే ప్రత్తి గింజ పెట్టవలెను. ఆ నాలుగు రోజులలో ట్రాక్టరు మేస్త్రీ షెడ్డులో ఉన్నచో, మరమ్మతు ఖర్చు ఒకటి, అదను తప్పిన నష్టము ఒకటి, రెండును రైతు మీదనే పడును. కావున ఇంజను ఎక్కువ కాలము మన్నవలెనని ప్రతి రైతు కోరుట సహజము. ఈ కోరికను ఆధారము చేసికొని చిన్న చిన్న సీసాలలో “డీజిలు మందులు” దుకాణములలో అమ్మకమునకు వచ్చుచున్నవి. టాంకీలో కొద్దిగా పోసినచో నూనె ఆదా అగుననియు, ఇంజను ఆయుష్షు పెరుగుననియు చెప్పుదురు. ఇవి వాడవచ్చునా, వాడినచో గిట్టునా అని రైతులు అడుగుచున్నారు. ఈ విషయమును కొంత వివరముగా తెలిసికొందము.

ఇంజనులో డీజిలు చేయు రెండు పనులు

జర్మనీ దేశమున రుడాల్ఫ్ డీజిల్ అను ఇంజనీరు 1897లో ఈ ఇంజనును విజయవంతముగా నడిపి చూపెను. దీనిలో నిప్పురవ్వ పుట్టించు ప్లగ్గు ఉండదు. పిస్టను గాలిని సుమారు పదహారు మొదలు ఇరువది వంతులలో ఒక వంతునకు అణచును. అట్లు అణగిన గాలి 500 డిగ్రీల సెంటీగ్రేడుకు మించి వేడెక్కును. ఆ వేడిలో నాజిలు డీజిలును సన్నని తుంపరగా చల్లగానే అది తనంతట తానే అంటుకొనును.

మండుట డీజిలు చేయు మొదటి పని. రెండవ పనిని చాలమంది గమనించరు. డీజిలును తోయు పంపులోని భాగములకు, నాజిలు సూదికి కందెన డీజిలే. ఆ భాగముల నడుమ సందు రెండు మూడు మైక్రానులు మాత్రమే. మన తల వెంట్రుక మందము సుమారు డెబ్బది మైక్రానులు. అంత సన్నని సందులోనికి ఇసుక రేణువుగాని నీటి చుక్కగాని ప్రవేశించినచో ఏమగునో మీరే ఊహింపవచ్చును.

మందులలోని రకములు

సీసా మీద పేరు ఏదైనను లోపలి మందు సాధారణముగా ఈ క్రింది రకములలో ఒకటిగాని, కొన్నిటి కలయికగాని అయి ఉండును.

1. శుభ్రపరచు మందులు: నాజిలు రంధ్రముల వద్ద పేరుకొనిన మసిని క్రమముగా కరిగించును. ఇవి పనికివచ్చు మందులే. అయితే అరిగిపోయిన నాజిలును బాగుచేయలేవు.

2. కందెన గుణము పెంచు మందులు: పంపు, నాజిలు అరుగుదలను తగ్గించును.

3. త్వరగా అంటుకొనునట్లు చేయు మందులు: డీజిలు అంటుకొను గుణమును సీటేను సంఖ్యతో కొలుతురు. ఈ మందులు ఆ సంఖ్యను పెంచును. చలి ప్రదేశములలో ఇంజను తేలికగా స్టార్టు అగుటకు ఇవి తోడ్పడును.

4. గడ్డకట్టకుండ చేయు మందులు: మంచు కురియు ప్రదేశములలో డీజిలులోని మైనము గడ్డకట్టి ఫిల్టరు మూసికొనిపోవును. అచ్చట ఇవి అవసరము. రోహిణికార్తెలో రాళ్లు పగులు మన ప్రాంతమున ఈ మందునకు డబ్బు పెట్టుట దండుగ.

5. సూక్ష్మజీవులను చంపు మందులు: డీజిలు నెలల తరబడి నిలువ ఉండి, అడుగున నీరు చేరినచో, ఆ రెండును కలియు చోట బూజు పెరిగి జిగురు ఏర్పడి ఫిల్టరుకు అడ్డుపడును. అప్పుడీ మందు కొంత సహాయపడును. నీరు తీసివేసినచో బూజు పెరుగుటకు తావే ఉండదు.

6. నీటికి సంబంధించిన మందులు: ఇవి రెండు విధములు. ఒకటి నీటిని విడదీసి అడుగునకు దింపును. రెండవది నీటిని డీజిలులో కలిపివేయును. ఈ రెండవ విధముతో జాగ్రత్త వహింపవలెను. నీరు కంటికి కనబడకపోయినను, డీజిలుతోపాటు పంపులోనికి, నాజిలులోనికి పోయి హాని చేయును.

బంకులోని డీజిలు సంగతి

పూర్వపు డీజిలులో గంధకము ఎక్కువగా ఉండెడిది. గాలి కాలుష్యమును తగ్గించుటకై దానిని అంచెలంచెలుగా తగ్గించిరి. 2017 ఏప్రిల్ నుండి దేశమంతట పదిలక్షల పాళ్లలో 50 పాళ్లకు, 2020 ఏప్రిల్ 1 నుండి భారత్ స్టేజ్–6 ప్రమాణము క్రింద 10 పాళ్లకు మించని గంధకము గల డీజిలు అమ్ముచున్నారు. గంధకము తీయునపుడు డీజిలుకు సహజముగా ఉన్న కందెన గుణము కూడ తగ్గును. “అందుచేతనే మా మందు వాడుడు” అని అమ్మువారు చెప్పుమాట ఇచ్చటనుండి పుట్టినది.

అయితే శుద్ధి కర్మాగారములకు ఈ విషయము తెలియనిది కాదు. భారత ప్రమాణము ప్రకారము డీజిలుకు తగినంత కందెన గుణము ఉండి తీరవలెను. దానికై ఉక్కు గుండును డీజిలులో రుద్ది అరుగుదల మచ్చను కొలుతురు. ఆ మచ్చ 460 మైక్రానులకు మించరాదు. తక్కువైనచో కర్మాగారమే కందెన మందు కలిపి పంపును. సీటేను సంఖ్య కూడ 51కి తగ్గరాదని నియమము కలదు. అనగా మంచి బంకులో కొనిన డీజిలులో అవసరమైన గుణము ముందే ఉన్నది. దానిపై మరల మందు పోయుట ఉప్పు సరిపోయిన కూరలో మరల ఉప్పు వేయుట వంటిది.

కావున మందుకంటె ముందు డీజిలు కల్తీ లేనిదై ఉండుట ముఖ్యము. బంకులో సాంద్రత కొలిచి చూపమని, అయిదు లీటర్ల కొలపాత్రతో పోసి చూపమని అడుగు హక్కు కొనువారికి కలదు. రసీదు తీసికొనుట మరువరాదు.

లెక్క వేసి చూడుడు

ఒక సీసా మందు వెల మూడు లీటర్ల డీజిలు వెలతో సమానమనియు, అది 50 లీటర్లకు సరిపోవుననియు అనుకొందము. అప్పుడు నూటికి ఆరు లీటర్లు ఆదా అయిననేగాని మందు ఖర్చు తిరిగి రాదు. లాభము ఆపైమాట. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఇంధనము ఆదా చేయునని ప్రకటించిన పరికరములు, మందులు నూరుకు పైగా పరిశీలించినది. వానిలో చెప్పుకోదగిన ఆదా చూపినవి దాదాపు లేవు.

నమ్మకము కుదరనివారు స్వయముగా పరీక్షింపవచ్చును. ఒకే చేను, ఒకే డ్రైవరు, ఒకే రోటవేటరు ఉండవలెను. టాంకీని అంచువరకు నింపి, నాలుగు గంటలు దున్ని, మరల అంచువరకు నింపి ఎన్ని లీటర్లు పట్టినదో వ్రాసికొనవలెను. మందు లేకుండ మూడు పర్యాయములు, మందుతో మూడు పర్యాయములు చేసి సరిచూడుడు. ఒక్క పర్యాయపు ఫలితమును నమ్మరాదు. నేల పదును మారినను లెక్క మారును.

ఆయుష్షును నిజముగా పెంచు పనులు

గాలి: ఒక లీటరు డీజిలు మండుటకు తక్కువలో తక్కువ సుమారు పదివేల లీటర్ల గాలి కావలెను. రోజుకు 40 లీటర్లు కాల్చు ట్రాక్టరు నాలుగు లక్షల లీటర్లకు పైగా గాలి పీల్చును. వేసవి దుక్కిలో ఎర్రదుమ్ము లేచునపుడు ఆ గాలిలోని మట్టి సిలిండరులోనికి పోయినచో అది ఆకురాయివలె పనిచేసి పిస్టను రింగులను అరగదీయును. ఏ మందును దీనిని ఆపలేదు. నూనె గిన్నె గల ఎయిర్ క్లీనరైనచో దుమ్ము పనుల కాలమున ప్రతిదినము గిన్నె విప్పి, బురద చేరినచో కడిగి, గీత వరకు క్రొత్త నూనె పోయవలెను. కాగితపు ఫిల్టరైనచో తక్కువ పీడనముగల గాలితో లోపలనుండి బయటకు ఊదవలెను. నేలకేసి కొట్టరాదు, నీటితో కడుగరాదు. రబ్బరు గొట్టము పగిలిన యెడల వెంటనే మార్చవలెను.

నీరు: సాయంత్రము పని ముగియగానే టాంకీ నింపవలెను. సగము ఖాళీగా ఉంచినచో రాత్రి చల్లదనమునకు లోపలి గాలిలోని తేమ నీరై దిగును. ఉదయము ఇంజను స్టార్టు చేయకముందు ఫిల్టరు గిన్నె అడుగు మర వదులుచేసి చేరిన నీరు వదలివేయవలెను. గాజు సీసాలో కొంచెము డీజిలు పట్టి కదలక ఉంచినచో నీరు, మట్టి అడుగున చేరి కంటికి కనబడును. ఖర్చు లేని పరీక్ష ఇది.

నిలువ: పీపాను నీడలో, కొంచెము వాలుగా ఉంచి, ఒకరోజు తేరనిచ్చి, అడుగున నాలుగు వ్రేళ్ల మేర విడిచి పైడీజిలు తీయవలెను. గరాటుకు సన్నని జాలి ఉండవలెను. జింకు పూత గల రేకు పాత్రలు డీజిలు నిలువకు పనికిరావు. జింకు డీజిలుతో కలిసి జిగురు ఏర్పడును.

ఫిల్టరు, ఇంజను ఆయిలు: కంపెనీ పుస్తకములో చెప్పిన గంటల ప్రకారము మార్చవలెను. గంటలు గుర్తుంచుకొనుటకు ట్రాక్టరులోనే ఒక చిన్న పుస్తకము ఉంచుడు. చవక ఫిల్టరు కొని ఖరీదైన పంపును పోగొట్టుకొనరాదు.

వేడి: ఆయిలింజనుకు బావినీటిని నేరుగా ఎక్కువగా పారించి చల్లగా ఉంచుట మంచిదని కొందరి నమ్మకము. ఇది సరికాదు. ఇంజను చల్లగా నడిచినచో డీజిలు పూర్తిగా మండక, గోడలపై దిగి, ఆయిలును పలుచన చేయును. బయటకు వచ్చు నీరు సుమారు 60 మొదలు 70 డిగ్రీలు, అనగా చేయి పెట్టలేనంత వేడిగా ఉండునట్లు నీటిని సవరించుకొనవలెను.

పొగ: నల్లపొగ వచ్చుచున్నచో గాలి చాలకపోవుటగాని, నాజిలు చెడుటగాని, బరువు ఎక్కువగుటగాని కారణము. నీలిపొగ వచ్చినచో ఇంజను ఆయిలు మండుచున్నదని అర్థము. తెల్లపొగ ఆగక వచ్చినచో డీజిలు మండకపోవుచున్నదనిగాని, సిలిండరులోనికి నీరు చేరుచున్నదనిగాని గ్రహింపవలెను. పొగ చూచి మందు పోయక మేస్త్రీకి చూపుడు.

కారు చుక్క: సెకనుకు ఒక చుక్క కారినచో రోజుకు నాలుగు లీటర్లకు పైగా పోవును. ఏ మందు ఇంత ఆదా చేయగలదు? గొట్టము బిగించుటకు ఒక పానా చాలును.

చేయరాని పనులు

డీజిలులో కిరసనాయిలు కలుపరాదు. దానికి కందెన గుణము తక్కువ. పంపు త్వరగా అరుగును. పెట్రోలు కలిపినచో టాంకీలో నిప్పంటుకొను ఆవిరి చేరి ప్రమాదము కలుగును. 1900లో పారిస్ ప్రదర్శనయందు ఒక డీజిలు ఇంజనును వేరుశనగ నూనెతో నడిపిన మాట నిజమే. కాని నేటి సన్నని నాజిళ్లకు పచ్చి వేరుశనగ, కానుగ నూనెలు తగవు. అవి డీజిలుకంటె సుమారు పది రెట్లు చిక్కగా ఉండి నాజిలును మసితో మూసివేయును. కర్మాగారములో శుద్ధిచేసి తయారుచేయు బయోడీజిలు వేరు. అది ప్రమాణము ప్రకారము కొద్ది పాళ్లలో కలిసియున్నచో కందెన గుణము పెరుగును.

50 అశ్వశక్తి దాటిన ట్రాక్టర్లకు 2023 జనవరి 1 నుండి క్రొత్త పొగ నియమములు అమలులోనికి వచ్చినవి. ఈ తరగతి ఇంజనులలో డీజిలు సాధారణముగా గాలి పీడనమునకు వేయిరెట్లు మించిన ఒత్తిడితో పనిచేయును. వీనిలో తెలియని మందు పోసినచో పంపుకు, పొగగొట్టములోని శుద్ధి పరికరమునకు హాని కలుగవచ్చును. కంపెనీ గ్యారంటీ కూడ పోవచ్చును. పుస్తకములో అనుమతించిన మందు తప్ప మరొకటి వాడరాదు.

వరదలో మునిగిన ఇంజను

2024 ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట బుడమేరు, మునేరు పొంగినపుడు మన ప్రాంతపు గ్రామములు ముంపునకు గురియైనవి. మునిగిన ఇంజనును నీరు తీసిన వెంటనే స్టార్టు చేయరాదు. నీరు గాలివలె అణగదు. సిలిండరులో నీరుండగా త్రిప్పినచో కనెక్టింగు రాడ్డు వంగిపోవును. ముందు బ్యాటరీ తీగ విప్పవలెను. తరువాత డీజిలు, ఇంజను ఆయిలు పూర్తిగా వదలి, ఫిల్టర్లు మార్చి, ఎయిర్ క్లీనరు శుభ్రపరచి, నాజిళ్లు విప్పి, చేతితో ఇంజనును త్రిప్పి నీరు వెళ్లగొట్టవలెను. పిమ్మట క్రొత్త ఆయిలు పోసి నడుపవలెను. దీనికి సీసా మందు మార్గము కానేరదు.

ముగింపు

రైతు సోదర సోదరీమణులారా! మందు వాడవలసిన సందర్భములు లేకపోలేదు. నాజిలుకు మసి పట్టినదని మేస్త్రీ పరీక్షించి చెప్పినపుడు శుభ్రపరచు మందును, చాలకాలము నిలువయుంచి బూజు పట్టిన టాంకీని కడిగినపిమ్మట సూక్ష్మజీవులను చంపు మందును, కంపెనీ సూచించిన మోతాదులో వాడవచ్చును. మిగిలిన కాలమంతయు ఆ సీసా డబ్బును మంచి ఫిల్టరుకు, మంచి ఆయిలుకు వినియోగించుడు. యంత్రముల పోషణ స్వయముగా నేర్చుకొనదలచినవారికి అనంతపురము జిల్లా గార్లదిన్నెలోని దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్ర శిక్షణ, పరీక్షా సంస్థ కలదు. వివరములకు మీ గ్రామ రైతు సేవా కేంద్రములో విచారింపుడు.

ప్రతిదినము ఉదయము పది నిమిషములు ఇంజనుకు కేటాయించి గాలి, నీరు, నూనె మూడింటిని చూచుకొను రైతుకు తొలకరి పదునులో ట్రాక్టరు మొరాయించు అవస్థ అరుదుగా కలుగును.