చిత్తు జాగా కథ

విజయవాడ వన్‌టౌన్‌లో పాత గుమాస్తాల బల్ల మీద ఒకవైపు చిట్టా, ఆవర్జా ఉండేవి, ఇంకోవైపు కూడికలు వేసుకునే చిత్తుకాగితాలు. లెక్క తేలి అంకె పుస్తకంలోకి ఎక్కగానే చిత్తు చించి పారేసేవారు, పుస్తకం బీరువాలోకి వెళ్లేది. కంప్యూటర్‌లోనూ ఇలాంటి చిత్తు జాగా ఒకటుంది. దాచమని మనం ఇచ్చిన వివరాలు అందులో ఉండవు. లెక్క నడుస్తున్నంతసేపే దాని అవసరం. డిస్కు నిండి సర్వర్ ఆగిపోతే అందరూ ముందు పుస్తకాలనే అనుమానిస్తారు. చిత్తుకాగితాలు పట్టుకుని బల్ల దగ్గరి నుంచి లేవని గుమాస్తా ఎవరైనా ఉన్నాడా అని చూసేవాళ్లు తక్కువ.

ఈ చిత్తు జాగా పుట్టింది మాగ్నెటిక్ టేపుల కాలంలో. 1951లో అమెరికా జనగణన శాఖ తీసుకున్న యూనివాక్ యంత్రం జ్ఞాపకంలో పట్టేవి 1,000 పదాలే, అవీ 12 అక్షరాల పదాలు. టేపు నిండా ఉన్న రికార్డులను అంత ఇరుకులో వరస పెట్టడం ఎలా? ఎనియాక్ కంప్యూటర్ తొలి ప్రోగ్రామర్లు ఆరుగురిలో ఒకరైన బెట్టీ హోల్బర్టన్ ఆ పని కోసం సార్ట్-మెర్జ్ జనరేటర్ అనే ప్రోగ్రామ్ రాశారు. పట్టినన్ని రికార్డులను లోపలికి తెచ్చుకుని, వరస పెట్టి, వేరే టేపు మీదికి దించాలి. అలా దించిన చిన్న వరసలను కలుపుతూ పెద్ద వరస చేయాలి. అకారాదిగా రాసిన రెండు పెళ్లి పిలుపుల జాబితాలను ఒకటి చేసేటప్పుడు మనమూ ఇంతే కదా, రెండింటి పైపేర్లు చూస్తూ పోతే చాలు, మొత్తం గుర్తుపెట్టుకోనక్కర్లేదు. నడుమ వాడే టేపుకు స్క్రాచ్ టేపు అని పేరు. పని ముగిశాక దాని మీద ఏమున్నా ఎవరికీ అక్కర్లేదు. నేటి డేటాబేస్‌లు పెద్ద జాబితాలను వరస పెట్టేదీ ఈ దారిలోనే.

టేపుల కాలంలో ఆపరేటర్ స్క్రాచ్ టేపును తన చేత్తో ఎక్కించి దించేవాడు, కాబట్టి అది కంటికి కనిపించేది. 1970లో ఐబీఎంలో పనిచేస్తున్న ఎడ్గర్ కాడ్ రిలేషనల్ పద్ధతిని ప్రతిపాదించాక ఆ సంగతి మారిపోయింది. ఏం కావాలో చెబితే చాలు, ఎలా తేవాలో యంత్రమే చూసుకుంటుంది. అది గొప్ప మేలే. కానీ ‘మండలాలవారీగా బకాయిలు, పెద్దవి ముందు’ అని ఒక్క ముక్క అడిగితే వెనక ఎంత చిత్తు ఖర్చయిందో అడిగినవాడికి తెలియదు. నేటి డేటాబేస్‌లలో మైఎస్‌క్యూఎల్ వరస పెట్టడానికి మామూలుగా ఇచ్చే జ్ఞాపకం 256 కిలోబైట్లు, పోస్ట్‌గ్రెస్ ఇచ్చేది 4 మెగాబైట్లు. అంతకు మించితే డిస్కు మీదికి దిగాల్సిందే.

విజయవాడ ఈ విద్యను తొందరగానే అందుకుంది. 1999 చివరికల్లా నగరపాలక సంస్థ ‘వాయిస్’, అంటే విజయవాడ ఆన్‌లైన్ ఇన్ఫర్మేషన్ సెంటర్, పేరుతో ఐదు కేంద్రాలు తెరిచి జనన మరణ ధ్రువపత్రాలు, ఇంటి ప్లాను అనుమతులు, పన్నుల వసూళ్లను కంప్యూటర్ మీదికి తెచ్చింది. ఆ తరం కౌంటర్ వ్యవస్థల్లో సాధారణంగా కౌంటర్‌కు ఒక డేటాబేస్ కనెక్షన్ ఉండేది. పొద్దున ప్రోగ్రామ్ తెరిస్తే కనెక్షన్ తెరుచుకునేది, సాయంత్రం ప్రోగ్రామ్ మూస్తే మూసుకునేది. దానితోపాటే ఆ రోజు చిత్తంతా పోయేది. ఎవరూ పని కట్టుకుని ఊడవకపోయినా బల్లలు శుభ్రంగా ఉండేవి. మధ్యలో కరెంటు పోతే మాత్రం, అవతలి మనిషి లేచి వెళ్లాడని సర్వర్‌కు చెప్పేవాళ్లు ఉండరు. ఉన్నావా అని సర్వర్ పలకరించే ఏర్పాటు ఉన్నా, లినక్స్‌లో మామూలుగా ఆ మొదటి పలకరింపుకే 2 గంటలు పడుతుంది.

వెబ్ వచ్చాక కౌంటర్లు పోయి వేలమంది వచ్చారు. ఒక్కొక్కరికీ కొత్త కనెక్షన్ తెరవడం, పాస్‌వర్డ్ సరిచూడడం, మళ్లీ మూయడం అంటే సమయం తినే పని. అందుకని కనెక్షన్ పూల్ పుట్టింది. బస్టాండ్ దగ్గర ఆటోల వరస లాంటిది అది. ఎక్కినవాళ్లు దిగిపోతారు, ఆటో స్టాండ్‌కు తిరిగొస్తుంది. దిగినవాళ్లు సంచి మరిచిపోతే సంచి కూడా ఆటోతోపాటు తిరుగుతుంది. ఆ సంచే టెంపరరీ టేబుల్, అంటే లెక్క మధ్యలో కనెక్షన్ కట్టుకునే చిత్తు పట్టిక. కనెక్షన్ నిజంగా తెగితేనో, తీసేయమని మనం చెబితేనో తప్ప మామూలుగా అది పోదు.

కృష్ణా డెల్టాలో ధాన్యం లెక్కలు చూసే ఒక కార్యాలయం నుంచి సార్వా కోతల్లో నాకు ఫోను వచ్చింది. ‘డిస్కు చెడిందేమో చూడండి సార్, నెలలో ఇది మూడోసారి,’ అన్నాడు అక్కడి కుర్రాడు. సర్వర్ ఆపి మళ్లీ వేస్తే బాగయిపోతోందట. ఆ మాటతోనే నా అనుమానం డిస్కును వదిలి చిత్తు మీదికి మళ్లింది. వాళ్లు వాడే మైఎస్‌క్యూఎల్ 5.7లో టెంపరరీ టేబుళ్లు మామూలుగా ఐబీటీఎంపీ1 అనే ఒకే ఫైలులో ఉంటాయి. సర్వర్ లేచిన ప్రతిసారీ అది కొత్తగా 12 మెగాబైట్లతో మొదలవుతుంది, అవసరాన్ని బట్టి పెరుగుతుంది, పని అయిపోయినా తనంతట తాను తగ్గదు. పైహద్దు మనం పెట్టకపోతే డిస్కే దానికి హద్దు. ఖాళీ అయిన చోటును మాత్రం మళ్లీ వాడుకుంటుంది. ఇక్కడ చోటు ఖాళీ కావడమే లేదు.

తెరిచి ఉన్న కనెక్షన్లను చూపే షో ప్రాసెస్‌లిస్ట్ కొట్టి చూస్తే తెర నిండా స్లీప్, స్లీప్, స్లీప్. పక్కన సెకన్ల లెక్క. కొన్ని నాలుగు రోజుల నుంచి నిద్రపోతున్నాయి. నిజానికి మైఎస్‌క్యూఎల్ మామూలుగా 28,800 సెకన్లు, అంటే 8 గంటలు, కదలిక లేని కనెక్షన్‌ను తానే తెంచేస్తుంది. ఇక్కడెందుకు తెంచలేదు? రాత్రి వదిలేసిన స్క్రీన్ పొద్దున్నకల్లా తెగిపోతోందని గుమాస్తాలు గొడవ పెడితే ఎవరో ఆ 8 గంటలను వారం చేశారు. ఆ తర్వాత కనెక్షన్లు ఎక్కువయ్యాయని ఎర్రర్ వస్తే 151 అన్న పరిమితిని వెయ్యికి పెంచారు. రెండూ మంచి ఉద్దేశంతో చేసినవే. కానీ ఎక్కడో కనెక్షన్ మూయడం లేదని మొదటే చెప్పగలిగిన హెచ్చరిక గంటలు రెండింటినీ అలా కట్టేశారు. ఏ సర్వర్‌లోనైనా పరిమితి పెంచినవాళ్లు ఎందుకు పెంచారో పక్కన ఒక వాక్యం రాసి పెట్టాలని ఆ రోజు నుంచి అందరినీ బతిమాలుతున్నాను.

మిగిలింది ప్రోగ్రామ్. బస్తాల రిపోర్ట్ రాసినతను పైన కనెక్షన్ తెరిచాడు, మధ్యలో టెంపరరీ టేబుల్ కట్టి లెక్క చేశాడు, అడుగున మూశాడు. చదివితే తప్పే కనిపించదు. అయితే ఆ మధ్యలో తేమ శాతం 17 దాటిందా అని చూసే పంక్తి ఒకటుంది. తేమ గడి ఖాళీగా ఉన్న బిల్లు తగిలితే అక్కడ ఎర్రర్ వచ్చి ప్రోగ్రామ్ బయటికి దూకేస్తోంది. మూసే పంక్తి దాకా రావడమే లేదు. కోతల ఒత్తిడిలో ఖాళీ గడులు ఎక్కువ, గుమాస్తా మళ్లీ మళ్లీ నొక్కుతాడు. నొక్కిన ప్రతిసారీ ఒక కనెక్షన్, ఒక టెంపరరీ టేబుల్ మిగిలిపోతున్నాయి.

చేలో నీరు పెట్టేవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. గట్టుకు మడవ తీసి నీరు వదిలినవాడు మధ్యలో ఎవరో పిలిచారని వెళ్లిపోతే నీరు ఆగదు. అందుకే తెరిచిన చోటే మూసే ఏర్పాటు రాయాలి. జావాలో 2011 నుంచి దీనికి ట్రై-విత్-రిసోర్సెస్ ఉంది. దాని ఆవరణలో కనెక్షన్ తెరిస్తే లోపల ఎర్రర్ వచ్చినా రాకపోయినా బయటికి వెళ్లేటప్పుడు అదే మూసుకుంటుంది. పైథాన్, సీ షార్ప్‌లలోనూ ఇలాంటి ఏర్పాటు ఉంది, అయితే ఆవరణ దాటితే కనెక్షన్ నిజంగా మూతపడుతుందా అన్నది అందరూ తమ లైబ్రరీలో ఒకసారి చూసుకోవాలి. కొన్ని పైథాన్ లైబ్రరీలు లావాదేవీని మాత్రమే ముగిస్తాయి.

డేటాబేస్ చేసినవాళ్లూ ఊరుకోలేదు. 2018లో వచ్చిన మైఎస్‌క్యూఎల్ 8.0.13 నుంచి కనెక్షన్ల టెంపరరీ టేబుళ్లకు వేరే చిన్న ఫైళ్లున్నాయి. సర్వర్ లేవగానే పది సిద్ధంగా పెట్టుకుంటుంది, కనెక్షన్ తెగగానే దాని ఫైలును కుదించి వరసలో వెనక్కి పెట్టేస్తుంది. ఏ కనెక్షన్ ఎంత చిత్తు పట్టుకుందో ఒక పట్టికలో కూడా కనిపిస్తుంది. డిస్కు నిండుతున్నప్పుడు ముందుగా చూడాల్సింది ఆ పట్టికనే. అయినా తెగని కనెక్షన్‌ను మాత్రం ఈ కొత్త ఏర్పాటూ ఏమీ చేయలేదు.

ప్రోగ్రామ్ సరిచేశాం, వారాన్ని మళ్లీ 8 గంటలు చేశాం. మర్నాడు ఆ కుర్రాడు ఫైలు తగ్గలేదేమని కంగారుగా ఫోను చేశాడు. తగ్గదు, ఇక పెరుగుతుందేమో చూడమన్నాను. పెరగలేదు. ఆదివారం రాత్రి ఒక్కసారి సర్వర్ ఆపి వేశాక 12 మెగాబైట్లకు దిగింది. తేమ గడి ఖాళీగా ఉన్న బిల్లులు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. ఎర్రర్ వస్తుంది, కనెక్షన్ మూసుకుంటుంది, గుమాస్తా ఆ గడి నింపి మళ్లీ నొక్కుతాడు.