మడత సైకిల్‌కు స్పీడ్ సెన్సర్.. ఎంపికలో మెలకువలు

● వైరు లేని పరికరమే మేలు
● బిగించే ముందు మడిచి చూడాలి
● చక్రం కొలత తప్పితే లెక్కంతా తప్పే

సైకిల్ ఎంత వేగంతో వెళుతోంది, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది అన్నది తెలిపే మీటరును మామూలు సైకిల్‌కు అమర్చడం తేలికైన పని. ముందు ఫోర్క్‌కు సెన్సర్, స్పోకుకు అయస్కాంతం, హ్యాండిల్‌కు మీటరు బిగిస్తే చాలు. లండన్‌లో తయారయ్యే బ్రాంప్టన్ మడత సైకిల్‌కు మాత్రం ఈ పద్ధతి యథాతథంగా పనికిరాదు. తొందరపడి కొన్న పరికరం తొలి మడతలోనే విరిగిపోవచ్చు, లేదా తప్పుడు వేగం చూపవచ్చు.

ఆండ్రూ రిచీ అనే ఇంజినీరు 1970వ దశకంలో లండన్‌లోని తన నివాసంలో ఈ సైకిల్‌కు రూపకల్పన చేశారు. ఎదురుగా కనిపించే బ్రాంప్టన్ ఆరేటరీ అనే చర్చి పేరే దీనికి స్థిరపడింది. లండన్ భూగర్భ రైళ్లలో మామూలు సైకిళ్లపై రద్దీ వేళల్లో ఆంక్షలున్నాయి. పూర్తిగా మడిచిన సైకిల్‌ను మాత్రం ఏ వేళనైనా తీసుకువెళ్లవచ్చు. అందువల్ల ఉద్యోగానికి వెళ్లివచ్చేవారు దీనిని రోజుకు పలుమార్లు మడిచి విప్పుతుంటారు. సెన్సర్‌కు అసలు పరీక్ష అక్కడే.

మడతలోనే చిక్కు

మడిచేటప్పుడు వెనుక చక్రం చట్రం కిందికి చేరుతుంది. ముందు చక్రం పక్కకు తిరిగి దాని సరసన నిలుస్తుంది. హ్యాండిల్ స్తంభం కిందికి వాలుతుంది. ముందు చక్రానికి ఒక వైపున వెనుక చట్రాన్ని పట్టుకునే కొక్కెం, మరో వైపున హ్యాండిల్ స్తంభాన్ని పట్టుకునే క్లిప్పు ఉంటాయి. అంటే ఫోర్క్‌కు రెండు వైపులా ఖాళీ తక్కువే. ఉబ్బెత్తుగా ఉండే సెన్సర్‌ను బిగిస్తే అది చట్రానికో, స్తంభానికో తగులుతుంది. వైరున్న మీటరైతే హ్యాండిల్ వాలిన ప్రతిసారీ వైరు లాగినట్లై కొన్నాళ్లకు తెగిపోయే ప్రమాదముంది.

దూరం కొలవాలి

వైరు లేని పరికరాలు ప్రధానంగా రెండు రకాలు. పాత అనలాగ్ పద్ధతి సెన్సర్ల సంకేతం సాధారణంగా 60 నుంచి 70 సెంటీమీటర్ల వరకే అందుతుంది. బ్రాంప్టన్ చక్రాలు చిన్నవి, హ్యాండిల్ మాత్రం నేల నుంచి సుమారు మీటరు ఎత్తున ఉంటుంది. సెన్సర్‌ను ఇరుసు దగ్గర బిగిస్తే మీటరుకు దూరం 80 సెంటీమీటర్ల దాకా వస్తుంది, సంకేతం అందదు. రిమ్ పై అంచు వరకు జరిపినా హద్దుకు దగ్గరగానే ఉంటుంది. సమీపంలోని ఎల్ఈడీ దీపం సైతం ఈ సంకేతానికి అడ్డుపడవచ్చు.

రెండో రకం 2.4 గిగాహెర్ట్జ్ డిజిటల్ పద్ధతి. బ్లూటూత్, యాంట్ ప్లస్ సెన్సర్లు ఈ కోవకు చెందినవి. వీటికి ఈ దూరం సమస్య కాదు. మొబైల్ ఫోన్‌లో వేగం చూడదలచినవారు బ్లూటూత్ ఉన్న సెన్సర్‌నే ఎంచుకోవాలి. చాలా ఫోన్లు యాంట్ ప్లస్ సంకేతాన్ని స్వీకరించలేవు.

హబ్‌కు చుట్టే సెన్సర్

అయస్కాంతం అవసరం లేకుండా, రబ్బరు పట్టీతో చక్రం హబ్‌కు చుట్టే డిజిటల్ సెన్సర్లు మడత సైకిల్‌కు అనుకూలమైనవి. ఫోర్క్‌పై ఏదీ పొడుచుకు రాదు. అయితే మామూలు సైకిల్ ముందు చక్రం అమరే చోటు 100 మిల్లీమీటర్ల వెడల్పు ఉండగా, బ్రాంప్టన్‌కు అది 74 మిల్లీమీటర్లే. సెన్సర్ పొడవు స్పోకుల మధ్య పట్టేదీ లేనిదీ ముందే కొలుచుకోవాలి. ముందు హబ్‌లో దీపం కోసం డైనమో ఉన్నా, వెనుక హబ్‌లో గేర్లు ఉన్నా ఆ హబ్బులు లావుగా ఉంటాయి. వాటికి పట్టీ చాలకపోవచ్చు. అటువంటప్పుడు డిజిటల్ పద్ధతిలోనే పనిచేసే, పలుచని అయస్కాంతపు సెన్సర్ శ్రేయస్కరం.

చుట్టుకొలతే కీలకం

సెన్సర్ లెక్కించేది చక్రం తిరిగిన చుట్లను మాత్రమే. మన పల్లెల్లో కనిపించే 28 అంగుళాల సైకిల్ చక్రం ఒక చుట్టుకు సుమారు 2.2 మీటర్లు సాగుతుంది. బ్రాంప్టన్ 16 అంగుళాల చక్రం సాగేది సుమారు 1.3 మీటర్లే. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో పోతే మొదటిది నిమిషానికి 150 చుట్లు తిరుగుతుంది, రెండోది 250 చుట్లు. మీటరులో 2.1 మీటర్ల కొలతను మార్చకుండా వదిలేస్తే 20 కిలోమీటర్ల వేగాన్ని 32గా చూపుతుంది. తిరిగిన దూరం కూడా అదే నిష్పత్తిలో పెరిగిపోతుంది. 2024లో విడుదలైన బ్రాంప్టన్ జి లైన్‌కు 20 అంగుళాల చక్రాలున్నందున ఒకరి కొలతను మరొకరు వాడుకోరాదు.

టైరులో సరిపడా గాలి నింపి, నేలపైనా టైరుపైనా సుద్దతో గీత గీయాలి. సైకిల్‌పై కూర్చుని చక్రాన్ని 3 చుట్లు నడిపించి, ఆ దూరాన్ని మూడుతో భాగిస్తే సరైన చుట్టుకొలత వస్తుంది. దానిని మిల్లీమీటర్లలో నమోదు చేయాలి.

చివరగా, సెన్సర్‌ను ముందు టేపుతో తాత్కాలికంగా అంటించి, సైకిల్‌ను నెమ్మదిగా ఒకసారి మడిచి విప్పాలి. ఎక్కడా తగలకపోతేనే గట్టిగా బిగించాలి. ఈ ఐదు నిమిషాల శ్రమతో కొన్న పరికరం పదికాలాలపాటు పనిచేస్తుంది.